కొమ్మ చూడని దోటి

మా ఇంటి అటక మీద ఒక అల్యూమినియం వాకరు, మడత పెట్టిన చక్రాల కుర్చీ, స్నానానికని కొన్న ప్లాస్టిక్ స్టూలు, అమ్మ చెవి మిషన్ తాలూకు డబ్బాలు ఉన్నాయి. అటక చాలక కొన్ని మంచం కిందికి దిగాయి. వేసవిలో వరిగడ్డి పరిచి మామిడి రసాలు మాగేసే చోటు అది. అమ్మ నన్ను మొదట తిట్టింది డబ్బు దండగ చేసినందుకు కాదు, కాయలకు చోటు లేకుండా చేసినందుకు. వాటిలో పాడైపోయి మూలన పడ్డది ఒక్కటీ లేదు. అన్నీ మంచి సరుకే. కొన్నది నేను.

నాన్నకి పక్షవాతం వచ్చేనాటికి వయసు 70 దాటింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాది ముసునూరు వైపు పల్లె. ఏ పనికైనా నూజివీడే మాకు పట్నం. (2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లా వాళ్లమయ్యాం గానీ నాన్న నోట ఇంకా కృష్ణా జిల్లాయే.) నా ఉద్యోగం హైదరాబాదులో. ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చే రోజున, అంబులెన్సు సిద్ధమయ్యేలోపు విజయవాడలో ఒక సర్జికల్ షాపుకి పరిగెత్తాను. ‘ఎవరికండీ?’ అంటే ‘స్ట్రోక్ పేషెంటుకి’ అన్నాను. ఆయన ఎత్తెంత, ఏ చెయ్యి పనిచేస్తుంది, ఇంటికి మెట్లెన్ని, ఇవేమీ అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. జబ్బు పేరు చెప్పి సరుకు వేయించుకున్నాను. దూరంగా ఉండే కొడుకులకి ఇలాంటప్పుడు చెయ్యి ధారాళంగా ఆడుతుంది. ఎందుకో నాలాంటి వాళ్లకి చెప్పక్కర్లేదు.

వాకరు మర్నాడే పనికిరాకుండా పోయింది. దాన్ని రెండు చేతులతో ఎత్తి ముందుకు పెట్టి, ఆ తర్వాత అడుగు వెయ్యాలి. నాన్నకున్నది ఒక్క చెయ్యి. కుడిచేత్తో ఎత్తితే వాకరు పక్కకి తిరిగేది, దానితోపాటు మనిషీ తిరిగేవాడు. నూజివీడు నుంచి ఇంటికొచ్చి ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దాన్ని చూసి ‘రెండో చెయ్యి ఎవరు పెడతారన్నా, మీరా?’ అంది. నాలుగు కాళ్ల చేతికర్ర తెప్పించమంది. తెచ్చాను. అందులోనూ నా తెలివి చూపించాను. ఎత్తుగా ఉంటే ఆసరా ఎక్కువ అనుకుని పిడిని పైదాకా లాగి బిగించాను. భుజం చెవి దాకా లేచేది, మెడ పట్టేసేది. చెయ్యి వదులుగా కిందికి వేలాడేస్తే మణికట్టు గీత ఎక్కడికి వస్తుందో పిడి అక్కడ ఉండాలట. అప్పుడు మోచెయ్యి కొద్దిగా వంగి, బరువు మోయడానికి వీలవుతుంది. కొలవడానికి నిమిషం పట్టలేదు.

మోకాలి నొప్పితో కుంటే మా మేనత్తకీ నేనే ఒక కర్ర కొనిచ్చి ఉన్నాను. ఏ కాలు నొప్పయితే ఆ పక్కే పట్టుకోమని కూడా చెప్పాను. అదీ తప్పేనని ఈ అమ్మాయి దగ్గరే తెలిసింది. కర్ర మంచి కాలి పక్క చేతిలో ఉండాలి. నొప్పి కాలు పడే క్షణంలోనే అవతలి పక్క కర్ర కూడా నేలకి ఆనితే బరువు రెంటి మధ్యా పంచుకుంటుంది. ఒకే పక్కన ఉంటే మనిషి అటే ఒరిగి, నొప్పి ఉన్న మోకాలి మీదే ఇంకాస్త బరువు వేస్తాడు. కర్ర చివర ఉండే రబ్బరు బుష్షు అరిగి నున్నబడితే టైల్స్ మీద జారుతుంది. ఆ ఖర్చు పదులలోనే, కాని ఎవరూ మార్చరు. అత్తయ్య కర్రకి బుష్షు లోపలి ఇనుము బయటపడి ఉంది. స్కూటర్ టైరు అరుగుదల నెలనెలా చూసుకునేవాణ్ణి, దాన్ని చూడలేదు.

వీటికంటే పెద్ద అపకారం చేతులతో చేశాను. మంచం మీంచి లేపేటప్పుడు పడిపోయిన ఎడమచేతిని పట్టుకుని లాగేవాణ్ణి. ఆ పక్క కండరాలకి పట్టు ఉండదు కాబట్టి భుజం కీలు సడలిపోతుంది. నాన్న మూలిగితే జబ్బు నొప్పి అనుకున్నాం. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి, దాన్ని పట్టుకుని లేపాలని, బెల్టు లేకపోతే తుండుగుడ్డ అయినా చాలని ఫిజియోథెరపీ అమ్మాయే చూపించింది. ఆ భుజం నొప్పి తగ్గడానికి నెలలు పట్టింది. నేను కొన్నవాటన్నిటిలోనూ ఇంట్లో అప్పటికే ఉన్న తుండుగుడ్డంత పనికొచ్చింది ఏదీ లేదు.

చక్రాల కుర్చీ సంగతి ఇల్లు తేల్చింది. సీటు 18 అంగుళాలుండే మామూలు కుర్చీ చక్రాలతో కలిపి 25 అంగుళాలు దాటుతుంది. మాది తాత కట్టించిన ఇల్లు, ఇరుకు టేకు ద్వారబంధాలు, జానెడు ఎత్తు గడపలు. కుర్చీ హాల్లో తిరగడానికి తప్ప దేనికీ పనికి రాలేదు, హాల్లో నాన్నకి పనేం లేదు. గడప కోయించేద్దామన్నాను. రోజూ పసుపు రాసి బొట్లు పెట్టే గడప. అమ్మ నావైపు చూసిన చూపుకి ఆ మాట మళ్లీ ఎత్తలేదు. (చివరికి వడ్రంగి గడపకి అటూ ఇటూ ఆనేలా, ఎప్పుడంటే అప్పుడు తీసేసేలా, రెండు వాలు చెక్కలు చేసిచ్చాడు. పండగ రోజు అవి తీసి పసుపు రాస్తారు.)

వీధి మెట్లకి ర్యాంపు కట్టమంటే మేస్త్రి ‘ఓస్, అంతేగా’ అని, తనకి అలవాటైన స్కూటర్ ఎక్కించే వాలు కట్టిపోయాడు. స్కూటర్‌కి ఇంజను ఉంటుంది. మనిషి కూర్చున్న కుర్చీని ఆ వాలు మీద ఎక్కించాలంటే ఇద్దరు కావాలి, దింపాలంటే దేవుడు కావాలి. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవన్నది ప్రభుత్వ భవనాలకి చెప్పే లెక్క. మా అరుగు ఎత్తు అడుగు, మాకున్న వాకిలి పన్నెండడుగుల కంటే తక్కువ. ఈ లెక్క ముందు వేసుంటే సిమెంటు మిగిలేది. ఆ వాలు మీద ఇప్పుడు నిజంగానే స్కూటర్ ఎక్కుతోంది.

వీటిలో దేనికైనా నవ్వుకోగలను. మరుగుదొడ్డి విషయంలో నవ్వు రాదు.

మా ఇంట్లో దొడ్డి వెనక ఉంటుంది. వసారా దాటి, రెండు మెట్లు దిగి, నాపరాళ్లు పరిచిన జాగా దాటి వెళ్లాలి. నేల బేసిన్. అంతదూరం ఎందుకని కమోడ్ కుర్చీ కొని మంచం పక్కనే వేయించాను. పాత చీర తెరకట్టాం. నా మటుకు సమస్య తీరిపోయింది, హైదరాబాదు బస్సెక్కాను. ఎండాకాలం మొదలయ్యాక నాన్నకి జ్వరం, మూత్రంలో మంట. మందులు వాడితే తగ్గడం, మళ్లీ రావడం. డాక్టరు నీళ్లు ఎక్కువ తాగించమన్నారు. నేను రోజూ ఫోన్‌లో అదే పాట. ‘నీళ్లు తాగవేంటి నాన్నా? చిన్నపిల్లాడివా?’ మజ్జిగ గ్లాసు సగంలో వదిలేస్తున్నాడని, కాఫీ మానేశాడని అమ్మ చెప్పేది. మొండితనం అనుకున్నాను. ఓసారి అలాగే విసుక్కుంటుంటే అమ్మే అంది:

‘తాగితే పోవాలిగా. పోవాలంటే దాని మీద కూర్చోవాలిగా. వీధి గుమ్మంలో ఎవరు నిలబడ్డా కాళ్లు కనపడతయ్యిరా.’

తోట తగాదాలు తీర్చమని మనుషులు నాన్నని వెతుక్కుంటూ వచ్చిన అరుగు అది. ఆ గుమ్మంలోకి పలకరించడానికి వచ్చేవాళ్లకి, చీర కింద తన కాళ్లు కనపడుతుండగా ఆయన కూర్చోవాలి. అందుకే దాహం చంపుకుంటున్నాడు. మే నెలలో, నూజివీడు ఎండలో.

అప్పుడు మొదటిసారి అడిగాను: ‘నీకేం కావాలి నాన్నా?’ ఆయన క్షణం ఆలోచించలేదు. ‘దొడ్లోకి నేను పోవాలి. తలుపు నేనేసుకోవాలి.’

సెలవు పెట్టి వచ్చి కూర్చున్నాను. కమోడ్ కుర్చీలో గిన్నె తీసేస్తే ఆ చట్రాన్ని నేల బేసిన్ మీదే సరిగ్గా నిలబెట్టవచ్చు. ఆ సంగతి కొన్నప్పుడు నాకు తెలియనే తెలియదు. వసారా నుంచి గోడ పొడుగునా జీఐ పైపు బిగించాం, పిడికిట్లో పూర్తిగా ఇమిడేలా, అంగుళమున్నర మించకుండా. మెట్లకి రెండు పక్కలా పైపు వేశాం. ఎందుకంటే వెళ్లేటప్పుడు కుడిపక్క ఉన్నది వచ్చేటప్పుడు ఎడమపక్కకి వస్తుంది. ఇంత తెలిసినవాణ్ణి లోపల మాత్రం బోర్లా పడ్డాను. లోపలికి వెళ్లి, గోడకేసి నిలబడి, కుడిచేతి వైపు గోడ మీద సుద్దముక్కతో గీత గీశాను. మేస్త్రి అక్కడే కడ్డీ బిగించాడు. నాన్న లోపలికి వెళ్లి కూర్చునేది తలుపు వైపు తిరిగి. కడ్డీ పోయి పడిపోయిన చేతి పక్కన నిలిచింది.

దానికే నాన్న అన్నాడు, ‘కొమ్మ చూడకుండా దోటి పట్టుకొచ్చే కూలోడివిరా నువ్వు’ అని. మా తోటల్లో కోతకి దోటి అంటే పొడుగాటి వెదురుకర్ర. కొసన చిక్కం ఉంటుంది, కాయ అందులో పడాలి. కొమ్మ ఎంత ఎత్తులో ఉంది, కాయ లోపలగా ఉందా బయటికి వేలాడుతోందా చూసి దోటి ఎంచుకోవాలి. కింది కొమ్మకి పొడుగు దోటి తెస్తే కొస ఊగి కాయ నేలపాలవుతుంది, దెబ్బ తగిలిన కాయని కొనే సేటు పక్కన పడేస్తాడు. కొత్త కూలీకి నాన్న నేర్పే మొదటి పాఠం అది. ముందు చెట్టు కిందికి వట్టి చేతులతో పోయి చూసి రమ్మంటాడు. ఇంట్లో నేను వట్టి చేతులతో ఎప్పుడూ అడుగుపెట్టలేదు.

ఆ కడ్డీ మార్పించే వేళకి ఇంకొకటి బయటపడింది. నాన్న అన్నం చెంచాతో తింటున్నాడు. జబ్బు చేసినప్పటి నుంచీ అంతే. చెయ్యి వణుకుతోందేమో అనుకున్నాం, కాని ఆయన కుడిచెయ్యి శుభ్రంగా పనిచేస్తుంది. అసలు సంగతి ఎడమచెయ్యి లేకపోవడం. కడుక్కోవాల్సింది, తినాల్సింది ఇప్పుడు ఒకే చేత్తో. ఎంత సబ్బుతో కడిగినా ఆయన మనసు ఒప్పుకోలేదు. ఎవరితోనూ చెప్పనూ లేదు. ఫిజియోథెరపీ అమ్మాయికే అనుమానం వచ్చి, నన్ను పక్కకి పిలిచి అడిగింది. ఈ విషయం నేను చదివిన ఏ కరపత్రంలోనూ లేదు. అవి ఎక్కువగా కాగితం వాడే దేశాల వాళ్లు రాసినవి కావచ్చు. కుడిపక్క నీటి జెట్టు పెట్టించాం, ఒక్కచేత్తో పట్టుకుని నొక్కితే చాలు. కొన్నాళ్లకి చెంచా వంటగదిలోకి వెళ్లిపోయింది. ముద్దపప్పులో ఆవకాయ కలుపుకోవడం మళ్లీ మొదలైంది. ఆ జెట్టు ధర వాకరు ధరలో నాలుగోవంతు కూడా లేదు.

నా అజ్ఞానం నాకొక్కడికే అయితే ఇంత రాయనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2022లో వేసిన నివేదిక ప్రకారం ఇలాంటి సహాయక పరికరం ఏదో ఒకటి అవసరమైనవాళ్లు 250 కోట్ల పైచిలుకు. జనం ముసలివాళ్లవుతున్న కొద్దీ 2050కి అది 350 కోట్లు అవుతుందట. అంతకుముందు 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసరమైన 50 పరికరాల జాబితా ఒకటి ఇచ్చింది. అది చూసి ఆశ్చర్యపోయాను. ఖరీదైన యంత్రాల పక్కనే చేతికర్ర, గోడకి బిగించే కడ్డీ, కళ్లద్దాలు, రోజువారీ మాత్రలు వేసుకునే గళ్ల డబ్బా, మూత్రం ఆపుకోలేనివాళ్ల ప్యాడ్లు ఉన్నాయి. మేం సిగ్గుపడి మాట్లాడుకోనివన్నీ అందులో వరసగా రాసి ఉన్నాయి.

మన దగ్గర పెద్దవాళ్లకి ఇవి ఉచితంగా ఇచ్చే కేంద్ర పథకం, రాష్ట్రీయ వయోశ్రీ యోజన, 2017 ఏప్రిల్ 1న మొదలైంది మన నెల్లూరులోనే. 60 ఏళ్లు దాటి, దారిద్ర్యరేఖకి దిగువన గానీ నెలకి 15,000 రూపాయల లోపు ఆదాయంతో గానీ ఉన్నవాళ్లకి చేతికర్ర, మోచేతి కర్ర, వాకరు, మూడు నాలుగు కాళ్ల కర్రలు, చక్రాల కుర్చీ, చెవి మిషన్, కట్టుడు పళ్లు, కళ్లద్దాలు ఇస్తారు. తయారీ, పంపిణీ చూసేది కాన్పూరులో 1972లో పెట్టిన ఆలిమ్‌కో అనే ప్రభుత్వ సంస్థ. మొదట ఒక శిబిరంలో మనిషిని పరీక్షించి రాసుకుంటారు, తర్వాత ఇంకో శిబిరంలో వస్తువు ఇస్తారు. మా తోట కాపలా తాతకి కర్ర, కళ్లద్దాలు అలాగే వచ్చాయి. నాన్న ఆ ఆదాయం గీతకి పైనే ఉన్నాడు కాబట్టి మాకు రాలేదు, అడగలేదు. కాని మనిషిని ముందు చూసి తర్వాత వస్తువు ఇవ్వడమనే ఆ వరస, డబ్బున్న నేను పాటించని వరస. శిబిరంలో మనిషి కొలతలే తీయగలరు. వాళ్లింటి గడప, దొడ్డి దారి ఇంట్లోవాళ్లే కొలవాలి.

అమ్మ చెవి మిషన్ గురించి రెండు ముక్కలు. వినికిడి పరీక్ష చేయించకుండా, పుట్టినరోజుకని కొని తెచ్చాను. కుక్కర్ కూత, మిక్సీ, కాకులు, అన్నీ ఒకేసారి చెవిలో పడేసరికి తీసి బియ్యం డబ్బాలో పెట్టేసింది. మెదడు మళ్లీ ఆ చప్పుళ్లకి అలవాటు పడటానికి వారాలు పడుతుందని, మొదట నిశ్శబ్దంగా ఉన్న గదిలో కాసేపు మాత్రమే పెట్టుకోవాలని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. బ్యాటరీ మీది చిన్న స్టిక్కరు లాగిన క్షణం నుంచీ అది ఖర్చవడం మొదలవుతుంది. నేను అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామని డబ్బాలో బ్యాటరీలన్నిటి స్టిక్కర్లూ పీకేసి వెళ్లాను! సరైన పరీక్ష చేయించి, కొత్తది పెట్టించాం. సాయంత్రం సీరియల్‌కి మాత్రం పెట్టుకుంటుంది. మా మాటలకి అక్కర్లేదంటుంది.

నాన్నకి దొడ్డి దారి తర్వాత మిగిలింది తోట. కోతలప్పుడు చెట్టు కింద కూర్చుని కాయ చూడాలి. తొడిమ లేకుండా కోస్తే సొన కారి కాయ మీద మచ్చ పడుతుంది, ఆయన లేకపోతే కూలీలు తొందర పడతారని ఆయన బెంగ. నాలుగు కాళ్ల కర్ర ఇంట్లో గచ్చు మీద బాగుంది గానీ దున్నిన నేల మీద నాలుగు కాళ్లూ ఒకేసారి ఆనవు, ఏదో ఒకటి గాల్లో ఉంటుంది. తోటలోకి అదే పట్టుకుపొమ్మని ఒకసారి వాదించి, పడబోయిన మనిషిని కూలీలు పట్టుకుంటే చూసి, వాదన మానేశాను. ఇప్పుడు ఆటో చెట్టు దాకా వెళ్తుంది. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు మట్టిలో దిగబడకుండా కింద చెక్క పలక వేస్తాం. చేతికర్రకి నాన్నే ఒక పాత చిక్కం కట్టించుకున్నాడు, అందులో ఫోను, మాత్రలు, కళ్లద్దాల పెట్టె. కొత్తగా కొన్నది ఏమీ లేదు. చెట్ల వరసల మధ్య తనే నడవాలంటున్నాడు. అది ఇంకా తేలలేదు. ఫిజియోథెరపీ అమ్మాయిని ఒకసారి తోటకే తీసుకెళ్లి నేల చూపించాలి.

మొన్న మా మేనత్త కబురు పెట్టింది. మా దొడ్లో ఉన్నట్టు తనకీ ఏమైనా చేయించమంటుందేమో అనుకుని టేపు కూడా పట్టుకుని వెళ్లాను. ఈసారి ముందు అడిగాను. ఎక్కడ ఇబ్బంది, ఎప్పుడు లేవలేకపోతున్నావు, రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తావు అని. ‘ఏందిరా పోలీసోడల్లే’ అని విసుక్కుని, చివరికి చెప్పింది. దొడ్డి కాదు, స్నానం కాదు. వరలక్ష్మీ వ్రతానికి పీట మీద కూర్చుని, పూజయ్యాక ఎవరూ పట్టుకోకుండా లేవాలి. పోయినేడు ఇద్దరు కోడళ్లు రెండు రెక్కలు పట్టుకుని లేపారట, పేరంటాళ్లందరి ముందూ.

అంత కింద నుంచి ఆ మోకాళ్లతో లేవడం కుదరదు, కూర్చునే చోటే ఎత్తు పెరగాలి. అడుగున్నర ఎత్తు పీట, పక్కన పట్టుకోవడానికి ఒక చెయ్యి, అని వడ్రంగికి బొమ్మ గీసిచ్చాను. అత్తయ్య ఆ బొమ్మ చూసి ఒప్పుకోలేదు. తను అంత ఎత్తున కూర్చుంటే కలశం కింద ఉంటుందా అంది. అమ్మవారికి ఇంకా ఎత్తు పీట చేయాలి. ఆ లెక్కన కొబ్బరికాయ కొట్టే చోటు, దీపం చోటు, తోరం కట్టే ముత్తయిదువ కూర్చునే చోటు, అన్నీ మళ్లీ చూసుకోవాలి. రెండో పీటకి కొలతలు తీసుకున్నాను. దీపానికి ఇంకా తేల్చలేదు, శ్రావణానికి టైముంది.